గేటు కాడ ఒక్క గీత

బండి నడిపేది కొమురెల్లి.
వెనక సీట్లో నేను, నాలుగు ఫోన్లు,
ఒళ్ళో వేడెక్కిన లాప్‌టాప్.
పైకప్పు మీద అయస్కాంతంతో అంటుకున్న జీపీఎస్ ముద్ద
బతుకమ్మ మీది గౌరమ్మలా ఉందంటాడు.

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట బ్రిడ్జి దాకా
పొద్దుటి నుంచి మూడు చుట్లు.
ఈ ఫోన్లకు చెప్పుకునే ముచ్చటేమీ లేదు,
మాట ఎక్కడ తెగుతుందో చూడడానికే
ఒకదానికొకటి మోగుతుంటాయి.

తెగేది రెండు తీర్ల.
తొందరపడితే ఒకటి:
ఫాతిమానగర్ మలుపులో
ఈ టవరు కాదని ఆ టవరు, అది కాదని మళ్ళీ ఇది,
ఎనిమిది సెకన్లలో ఆరు గెంతులు,
స్క్రీను మీద రంపపు పళ్ళు.
వేలాడితే ఇంకొకటి:
పాతది సన్నబడి సన్నబడి నూలుపోగై,
పక్కనే కొత్తది నిండుగా నిలబడి ఉన్నా
వదలక,
వదలక,
చివరికి రెండూ అందని చోట.

అందుకని ఒక లెక్క రాస్తాం.
కొత్తది మెరుగైతే చాలదు,
మూడు డెసిబెల్లు మెరుగు కావాలి,
ఆ మెరుగు కాసేపు నిలవాలి.
ఆ కాసేపు ఎంత అన్నదే నా ఉద్యోగం.
ఒక రెప్పపాటును అటూ ఇటూ జరిపినందుకు
నెల నెలా జీతం పడుతుంది.

"గేరెప్పుడు మార్చాల్నో మీటర్ల రాసుంటదా మేడం?"
తాడ్వాయి అడివిల పన్నెండేండ్లు లారీ తోలినోడు కొమురెల్లి.
"ఇంజను గొంతు మారుతది. చెవికి ఎర్కయితది.
అప్పటికే చెయ్యి పోయి ఉంటది."

నాకు చెవి లేదు. గ్రాఫు ఉంది.

మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్.
మార్చి నెల, తేజ మిర్చి ఘాటు.
నాలుగు ఫోన్లు తప్ప అందరం దగ్గుతున్నాం.
ఆఫీసు గోడకు వైఫై డబ్బా,
గేటు దాకా దాని రాజ్యం,
గేటు కాడ ఒక్క గీత.
ఆ ఒక్క గీతనే కరుచుకుని
ఎవరి ఫోనైనా అక్కడ మూగబోతుంది.
నా ముందే ఒక దడువాయి గొంతు
"పదిహేడు వేల..." దగ్గర ఆగింది.
వేల తర్వాత వందలున్నాయో లేవో
అవతలి రైతుకు ఇంకా చేరలేదు.

ఓదెమ్మ రాలిన కాయలు ఊడ్చే మనిషి.
చెల్లెతో మాట్లాడుతూ వస్తోంది,
ప్లాస్టిక్ కవర్లో ఫోను, చెంపకు ఆనించి.
తూకం కాంటా దగ్గర ఒక్క క్షణం ఆగి
ఎర్రబడ్డ బొటనవేలితో పైనుంచి తెర లాగి
ఏదో నొక్కి, నడిచింది.
గేటు దాటింది. చెల్లె దాటింది.
నవ్వు కూడా మధ్యలో తెగలేదు.

అడిగాను.
"గేటు కాడికొస్తె ఆగమైతది బిడ్డా.
కాంటా కాడనే వైఫై బందు వెడత."
అక్కడ ఇంకా మూడు గీతలుంటాయి కదా అన్నాను.
"ఉంటయి. మంచిగున్నప్పుడే ఇడవాలె."

కాంటా నుంచి గేటుకు నలభై అడుగులు కొలిచాను.
మా కంపెనీ లెక్క కన్నా బాగా ముందు.
ఓదెమ్మ నడకతో నాలుగు ఫోన్లూ పట్టుకుని నడిచాను.
మూడు నిలిచాయి.
నాలుగోసారి బస్తాల లారీ అడ్డమొచ్చి
లెక్క, ఓదెమ్మ, నేను
అందరం కలిసి ఓడిపోయాం.

అయినా ఫైల్లో కొత్త విలువ రాసి
పేరు అడిగిన చోట ఓదెమ్మ అని కొట్టాను.
అరగంటలో హైదరాబాద్ నుంచి మెసేజ్:
"ఓదెమ్మ? ఏ వెండరు?"

జవాబు వెతుకుతుండగానే
ఎంజీఎం దాటాం, చౌరస్తా ఎక్కాం.
కొమురెల్లి ఎడమచెయ్యి కర్ర మీదే ఉంది.
గేరు ఎప్పుడు మారిందో
నాకు వినపడలేదు.